ఇంకోటి గారి సంతకం

ఆ పెద్ద ఆసుపత్రి ఆవరణలో నీళ్లు, కరెంటు, మురుగు ఏది ఎటు పోవాలో నిర్ణయించే పెద్ద ఇంజనీరుగారికి ఒకే ఒక్క జబ్బు. ఒక్కటి అంటే ఆయనకు పడదు. ఏది చూసినా ‘ఇంకోటి ఉండాలి’ అంటారు. అందుకే అటెండరు నుంచి సర్జను దాకా అందరికీ ఆయన ‘ఇంకోటి గారు’. ఆ పేరు చెవిన పడ్డ రోజున ఆయన, “ఇంకో పేరు కూడా పెట్టాల్సింది” అని ఊరుకున్నారట.

పంపు పక్కన పంపు, జనరేటరు పక్కన జనరేటరు అంటే సరే, ఆసుపత్రి అన్నాక ఉండాల్సిందే. కానీ జేబులో రెండు పెన్నులు, ముక్కు మీద ఒక కళ్లజోడు, నెత్తి మీద ఇంకోటి! వానొస్తే ఒక గొడుగు వేసుకుని, ఇంకోటి తడవకుండా చంకలో పెట్టుకుని నడిచేవారు. ఒకసారి ఆయన భార్య ఆఫీసుకొచ్చి అందరి ముందూ అడిగేసింది.

“అన్నీ రెండేసి కావాలంటారే, పెళ్లాం దగ్గర మాత్రం ఒక్కదానితో ఎలా సరిపెట్టుకున్నారండీ?”

“మనింట్లో నడిచే మోటారువి నువ్వు కదా. ఇంకోటిని నేను,” అన్నారాయన ఏమాత్రం తడుముకోకుండా.

అందరూ పగలబడి నవ్వారు, చిన్న ఇంజనీరమ్మ తప్ప. ఆయన కింద చేరి ఎనిమిది నెలలైన ఆ అమ్మాయికి ఆయన సంతకం చూస్తే ఒళ్లు మంట. ఆవరణలో ఎక్కడ తవ్వాలన్నా పాత నక్షాలు చూసి, కింద పైపులేవీ లేవని రాసి సంతకం పెట్టడం ఆమె పని. నిబంధన ప్రకారం ఆ ఒక్క సంతకం చాలు. ఈయన మాత్రం ప్రతి కాగితం మీదా దాని పక్కనే అంతకు రెండింతలది గీకేవారు.

“నా మీద నమ్మకం లేదా సార్?” అని ఒకరోజు అడిగేసింది.

“ఎందుకు లేదమ్మా, ఉంది.”

“మరి మీ సంతకం ఎందుకు?”

“ఇంకోటి ఉండాలి.”

గోడకు చెప్పుకున్నట్టయింది. ఆ పూట ఆమె అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇలా ఉండగా ఒక మంగళవారం పొద్దున, కాన్పుల వార్డు ముందు కేబుల్ కోసం తవ్వుతున్న యంత్రం నీళ్ల పైపును పగలగొట్టింది. నీళ్లు రెండో అంతస్తు దాకా ఎగిశాయి. చిన్న ఇంజనీరమ్మ గబగబా నక్షా విప్పింది. పైపు రోడ్డుకు ఎడమ పక్కన అని ఉంది. ఆమె తవ్వమన్నది కుడి పక్కన. మరి తప్పెక్కడ? మూలన చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో మాట ఉంది: ‘ఎడమ అనగా ట్యాంకు వద్ద నిలబడి చూచిన ఎడమ.’ ఆమె దానికి ఎదురు చివర, గేటు దగ్గర నిలబడి చూసింది!

లోపల పురిటి బిడ్డలు, ఆపరేషన్ బల్ల మీద ఒక తల్లి. కుళాయిలు ఎండిపోతే ఆ ఉసురు తనకే తగులుతుంది.

“సార్, వార్డుకు నీళ్లు ఆగిపోయాయి! తప్పు నాదే!”

“ఎవరిదో తర్వాత చూద్దాం. పగిలినదాన్ని కట్టెయ్యమని పంపుహౌసుకు ఫోను చేస్తూ నా వెనకే రా!”

ఎగిసే నీళ్లలోంచే నిలువునా తడుస్తూ వార్డు వెనక్కి పరిగెత్తారు ఇంకోటి గారు. అక్కడ గడ్డిలో ఒక ఇనప మూత. వార్డు కట్టేటప్పుడు ఒక్క పైపు చాలన్నవాళ్లందరితో మూడు నెలలు పోట్లాడి, వెనకవైపు నుంచి ఆయన వేయించిన ఇంకో పైపు అక్కడుంది. మూత తీసి, లోపల ఉంచిన కడ్డీతో వాల్వు తిప్పారు. కడ్డీ కాస్తా వంగిపోయింది.

“అయ్యో! ఇప్పుడెలా సార్?”

ఆయన ఆమె వంక జాలిగా చూసి ఇంకో కడ్డీ తీశారు.

నాలుగు నిమిషాల్లో నర్సు కిటికీలోంచి తల బయటపెట్టి, “నీళ్లొచ్చాయండోయ్!” అని కేకేసింది. చిన్న ఇంజనీరమ్మ గడ్డిలో చతికిలబడి, హమ్మయ్య, బతికిపోయాం అనుకుంది.

సాయంత్రం డైరెక్టరుగారి గదిలో అసలు తుఫాను మొదలైంది. “ఇక్కడ తవ్వొచ్చని సంతకం పెట్టిన మహానుభావులెవరు?”

ఆమె నోరు తెరిచేలోపు ఇంకోటి గారు ముందుకొచ్చారు. “రెండున్నాయి చూడండి. పెద్దది నాది. పాతికేళ్ల కిందట ఆ నక్షా గీసిందీ నేనే. ఎడమంటే ఎవరి ఎడమో పెద్దక్షరాల్లో రాయాల్సింది, రాయలేదు.”

నీళ్లు తెచ్చిన మనిషిని ఏమని తిడతారు? డైరెక్టరుగారు కాగితం బల్ల మీద పడేసి, “ఇంకోటి ఇలాంటిది జరగకూడదు!” అన్నారు.

“దీనికి మాత్రం ఇంకోటి వద్దండి,” అన్నారు ఇంకోటి గారు వినయంగా.

వరండాలోకి రాగానే ఆమె నిలదీసింది. “ఇన్నాళ్లూ పక్కన సంతకం పెట్టింది ఇందుకా సార్?”

“ఒక్కటే ఉంటే తిట్లన్నీ దాని మీదే పడతాయమ్మా. నా మొదటి ఉద్యోగంలో నా కాగితాల మీద ఒక్కటే ఉండేది.” అంతకుమించి చెప్పకుండా, పొద్దుటి బురద ఎండిన చొక్కా దులుపుకున్నారు. ఇన్నాళ్లూ ఆయన మీద మండిపడ్డదంతా తలుచుకుని ఆమెకు సిగ్గేసింది.

మర్నాడు కొత్త కాగితం మీద సంతకం పెట్టి, పక్కన బోలెడు జాగా వదిలి ఆమె ఆయన ముందుంచింది. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. నిన్నటి నీళ్లకు తడిసి రాయలేదు. ఇంకోటి తీశారు. అదీ రాయలేదు. జీవితంలో మొదటిసారి ఏం చేయాలో తోచక ఆయన అలా నిలబడిపోయారు.

చిన్న ఇంజనీరమ్మ తన సంచిలో చెయ్యి పెట్టింది.

“ఇంకోటి ఉంది సార్.”