గురువారం పదకొండు గంటల మనిషి

నేలిదా స్కార్పా ఓ ఆసుపత్రి మనోవైద్య విభాగంలో ఇరవై ఆరేళ్లుగా జనం గోడు వింటోంది. మతాదెరోస్ పేటలో ఇస్త్రీ చేసి ఇల్లు నడిపిన తల్లికి కూతురు. వినడం కూడా చాకిరీయే, బ్వేనస్ ఐరెస్‌లో ఇంతమంది ఆ చాకిరీ చేస్తూ పూజారుల్లా ఎందుకు పోజు కొడతారో తనకు అర్థం కాదంటుంది. ఆ మాటకు పైవాళ్లు మొహం మాడ్చుకుంటారు. ఆమె లెక్కచేయదు.

అక్కడ ఆగస్టంటే చలికాలం; ఆ చలిలో ఆమె పంతం పట్టింది రూఫినో అనే బస్సు డ్రైవరు కోసం. బస్సు నడుపుతుంటే గుండె పట్టేస్తోందని వచ్చాడు. గుండె డాక్టర్లు ఏమీ లేదని తేల్చి ఇటు పంపారు. గురువారం పదకొండింటికి అతని వంతు. వచ్చేది పదకొండున్నరకి. కోటు విప్పడు, కుర్చీ అంచున కూర్చుని తాళాల గుత్తి ఆడిస్తుంటాడు.

"ఇంత చదువు చదివి, ఈ పెచ్చులూడే గదిలో మాతే ఆకు టీ తాగుతూ కూర్చున్నావా తల్లీ? నీకన్నా మా బస్సులో టికెట్ మెషీనే నయం. కనీసం చప్పుడు చేస్తుంది."

నేలిదాకు ఒళ్లు మండేది. ఆ మంటను కూడా కాయితం మీద రాసుకునేది. ఆమె పనిలో పద్ధతే అది. మనిషి చెప్పిన కథ, అతను మనతో మెలిగే తీరు, అతని ఎదుట మనలో లేచే భావం, ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో వెతకాలి.

కథ ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఏడో ఏట తల్లి అతన్ని పిన్ని దగ్గర వదిలి వెళ్లిపోయింది. పన్నెండో ఏట తాను పిన్ని కోళ్లను రాళ్లతో కొట్టి చంపితే, ఆమె బస్సెక్కించి పంపేసింది. పెళ్లాం ఇంటి తాళం మార్చేసింది. అంతకు ముందు వారమే ఆమె అన్నదమ్ములను పేరుపేరునా తిట్టి వచ్చాడు. ఇవన్నీ నవ్వుతూ, గొప్పగా చెప్పేవాడు.

నెలలో మూడుసార్లు ఆలస్యమైతే వంతు పోతుందని అక్కడ రూలు. నలభై మంది ఎదురుచూస్తున్నారు. బుధవారం విభాగంలో వాళ్లంతా బల్ల చుట్టూ చేరి ఒక్కో కేసూ మాట్లాడుకునే చోట, విభాగం పెద్ద డాక్టర్ బెల్లోమో రూఫినో వంతు రద్దు చేసే కాయితం ఆమె ముందుకు తోశాడు.

"ఇతనికి మారాలని లేదు నేలిదా. వైద్యానికి ఎదురు తిరుగుతున్నాడు. వంతు ఇంకొకరికి ఇద్దాం. సంతకం పెట్టండి."

"పెట్టను."

"జాలిపడుతున్నారు."

"జాలా? అతన్ని చూస్తే నాకు కోపం డాక్టరు గారూ. పోయిన వారం ఏం చేశానో తెలుసా? డైరీలో అతని గంటలో ఇంకొకరి పేరు రాసేశాను. ఇరవై ఆరేళ్లలో ఎవరినీ అలా మరిచిపోలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ ఊళ్లో అలాంటి పొరపాటును మతిమరుపని ఎవరూ వదలరు, మనసులో దాగిన కోరికే బయటపడిందంటారు. బల్ల చుట్టూ పెన్నులు లేచాయి.

"రాసుకోండి, అందరూ రాసుకోండి," అంది నేలిదా. "అతను తలుపు తీశాడు. తన కుర్చీలో ఇంకో మనిషిని చూశాడు. నవ్వాడు! అనుకున్నది జరిగిందని హాయిగా నవ్వాడు. ఎవరైనా ఏదో ఒకరోజు తనను గెంటేస్తారని అతనికి గట్టి నమ్మకం. ఆ రోజు కోసం ఎదురుచూడలేడు. అందుకని తానే ముందు గెంటించుకుంటాడు. పిన్ని చేత, పెళ్లాం చేత, నా చేత. ఇప్పుడు మీ చేత. మీరు నా ముందుకు తోసింది వైద్యం కాయితం కాదు డాక్టరు గారూ, పిన్ని ఎక్కించిన ఆ బస్సుకి టికెట్టు."

"రూలు రూలే."

"ఆ రూలు అతనికి మనకన్నా బాగా తెలుసు. ఎన్ని ఆలస్యాలకు పోతుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుని మరీ వస్తున్నాడు."

"బాగుపడకపోతే?"

"పడకపోవచ్చు. ఆ గంట మాత్రం అతనిదే. మీరు తీసేస్తే ఎందుకు తీశారో పైవాళ్లకు నేనే రాస్తాను."

బెల్లోమో చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. "మూడు నెలలు. ఆ తర్వాత మీ మాట వినను."

"మూడు నెలలు చాలవు. అప్పుడు మళ్లీ పోట్లాడతాను," అని ఆమె లేచింది.

గురువారం పదకొండింటికే తలుపు తీసి కూర్చుంది. పదకొండున్నర అయింది, అతను రాలేదు. వస్తాడో రాడోనని ఆమెకు భయం వేసింది. పదకొండూ నలభైకి గుమ్మంలో తాళాల గుత్తి గలగలలాడింది.

"ఇంకా కుర్చీ ఉందే! పోయిన వారం ఎవడికో ఇచ్చేశావుగా?"

"ఇచ్చాను. తప్పు నాది."

రూఫినో నవ్వబోయి ఆగిపోయాడు. అతనితో ఆ మాట అన్నవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు.

"ఇక జరగదు," అంది నేలిదా. "నువ్వు పన్నెండుకి ఒక్క నిమిషం ముందు వచ్చినా, అసలు రాకపోయినా, తిట్టినా, ఈ గంట ఇక్కడే కూర్చుంటాను. నా చేత గెంటించుకోవడం నీ తరం కాదు రూఫినో."

"చూద్దాం ఎన్నాళ్లో."

"చూడు. ఇంకా ఇరవై నిమిషాలుంది."

అతను కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత తాళాలు జేబులో వేసుకుని, వచ్చి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

"గుండె పట్టేస్తోంది," అన్నాడు, మొదటిసారి నవ్వకుండా.