వనపర్తిలో ఫ్రెంచ్ భోజనం, పక్కపక్కన పెట్టిన ఫోర్కూ కత్తీ

కొన్ని రుచులు నాకు చదివిన పదాలుగానే తెలుసు. ఆలివ్, థైమ్ ఆకు, ఉల్లిపాయ సూపు. గద్వాల గ్రంథాలయంలో ఇంగ్లీషు నవలలు చదువుతూ పెరిగాను కాబట్టి వాటి స్పెల్లింగు తెలుసు, వాసన తెలియదు. అందుకే వనపర్తిలో బీఈడీ చదువుతున్న స్నేహితురాలు సుజాత ఫోన్ చేసి, "మా ఊళ్ల ఫ్రెంచ్ హోటల్ పెట్టిండ్రే, బోర్డు మీద బిస్ట్రో అని రాసిండ్రు" అంటే ముందు నమ్మలేదు. తర్వాత ఆదివారం కోసం ఎదురుచూశాను. సుజాతకు పరీక్షలు ఉండడంతో ఒక్కదాన్నే బయల్దేరాను. హోటల్లో ఒంటరిగా కూర్చుని తినడం నాకదే మొదటిసారి.

తొమ్మిదిన్నరకు గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు దొరికింది. టికెట్టు ఇరవై ఎనిమిది రూపాయలు. ఎర్రవల్లి చౌరస్తాలో పెద్ద రోడ్డెక్కి, బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, పెబ్బేరులో చాలాసేపు నిలబడి, పదకొండున్నరకు వనపర్తిలో దింపింది. బయట ఆటో అతన్ని ఫ్రెంచ్ హోటల్ ఎక్కడని అడిగాను.

"మౌలాలి హోటల్ అనుండ్రి మేడం. గట్లంటేనే ఎరుకైతది. పది రూపాలియ్యుండ్రి."

"అక్కడ మీరు తిన్నారా?"

"ఒక్కసారి తిన్న. మంచిగనే ఉంటది." కొంత దూరం పోయాక అద్దంలో నన్ను చూసి, "అటెన్క ఇంటికి పోయి మల్ల తిన్న" అన్నాడు.

ఆ మాటను ఎలా తీసుకోవాలో అర్థం కాలేదు.

కొత్తకోట రోడ్డులో రెండు షట్టర్ల గది అది. నీలం గోడలు, ఐదు బల్లలు, వాటి మీద గళ్ల గుడ్డలు. మౌలాలి దుబాయ్‌లో ఒక ఫ్రెంచ్-మెడిటరేనియన్ హోటల్లో పదకొండేళ్లు వంట చేసి, ఏడాది కిందట తిరిగొచ్చి ఇది పెట్టాడని ఆయన భార్య రజియా చెప్పింది. వంట ఆయనది, బల్లల పని ఆమెది. నాలుగు రకాల భోజనం నూట ఇరవై రూపాయలు. ఆ రోజు నేను కాక పక్క బల్ల దగ్గర నాగర్‌కర్నూల్ నుంచి బంధువుల ఇంటికి వచ్చిన ఒక పెద్దమ్మ, ఆమె కొడుకు మాత్రమే ఉన్నారు.

మొదట ఉల్లిపాయ సూపు వచ్చింది. పైన ఉప్పగా, అడుగున తియ్యగా ఉంది. బాగాలేదా, లేక అలాగే ఉండాలా? తర్వాత నల్లటి ఆలివ్‌లు, రొట్టె. రొట్టె మన బేకరీ తీపి బ్రెడ్డే. ఆలివ్ మాత్రం ఎండ చూడని ఊరగాయలా నాలుకను పట్టుకుంది. మూడోది వంకాయ, టమాటా, బెంగళూరు మిర్చి కలిపి నూనెలో మగ్గించిన కూర. కారం లేదు. మొదటి ముద్దకు ఏదో మర్చిపోయారనిపించింది. మూడో ముద్దకు, ఇన్నేళ్లూ వంకాయ పేరుతో నేను తిన్నది కారాన్నేమో అనిపించింది. చివరికి చేప. మా గద్వాల పక్కనున్న జూరాల నీళ్లలోదట, అదీ నాలాగే పొద్దున బస్సులో వచ్చిందట. నిమ్మరసం, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే. అంత మంచి చేప నేనెప్పుడూ తినలేదు. అరచేతిలో సగం ఉంది. నాలుగు ముద్దల్లో అయిపోయింది.

పక్క బల్ల దగ్గర పెద్దమ్మ పల్లెంలోకి వంగి చూసి, "పల్లెం చూస్తే గంత పెద్దగ, లోపల చూస్తే గింతే. బువ్వ ఎప్పుడు పెడతరు రా?" అని కొడుకును అడుగుతోంది. "ఊకో అమ్మా, వింటరు" అన్నాడతను.

రజియా నీళ్లు పోస్తూ నా వైపు వంగింది. "ఆయనొచ్చి అడిగితే జర మంచిగుందని చెప్పమ్మా. దుబాయ్ సేఠ్ మల్ల పిలుస్తుండు. వస్తడో రాడో బుధవారం లోపల చెప్పాల్నంట. గిరాకి గిట్లనే ఉంటే పోతనంటుండు. నేను, పిల్లలు మల్ల ఒక్కలమైతం."

నేను తలూపాను. అబద్ధం చెప్పాలా వద్దా అనేది ఒక సమస్య. నాకు తెలిసిన నిజం ఏమిటన్నది అంతకన్నా పెద్ద సమస్య. ఏమీ తోచక ఫోర్కూ కత్తీ ప్లేటులో పక్కపక్కన పెట్టి కూర్చున్నాను.

మౌలాలి బయటికి వచ్చి నా ప్లేటు చూసి ఆగిపోయాడు.

"ఏడాదైంది మేడం. ఈ ఊర్ల తిన్నంక ఫోర్కు గిట్ల పెట్టినోళ్లు మీరే మొదలు. ఈ తిండి మీకు ఎరుకే. అందరు మంచిగుందనే అంటరు, మల్లొక్కడు రాడు. ఏం తక్కువైందో నిజం చెప్పుండ్రి."

ఆయన వెనక రజియా కళ్లతోనే బతిమాలుతోంది.

"నాకు తెల్వదు భాయ్. ఈ తిండి ఎన్నడూ తినలే. కర్నూల్ కాన్వెంట్ హాస్టల్ల సిస్టర్లు ఫోర్కు పట్టుడు నేర్పిండ్రు. ఉప్మాతోని."

"ఉప్మానా!" పెద్దమ్మ పకపకా నవ్వింది.

మౌలాలి నవ్వలేదు. "అయితే గిట్లెందుకు పెట్టిండ్రు? కడుపు నిండిందని గద?"

జీవితంలో నేను పెద్దవాళ్లకు ఎదురు చెప్పింది తక్కువ. "నిండలే భాయ్. ఇంకా ఆకలైతుంది. చేప ఇంకొంచెం తిందామనుండె. అడగనీకి సిగ్గైంది."

"అడిగితే ఇయ్యకపోతుంటినా?"

"ఎట్లడుగుతరు నాయనా?" పెద్దమ్మ అందుకుంది. "పెట్టేటోడు వద్దన్నా ఏస్తడు. నువ్వు పల్లెం ఆడ పెట్టి, లోపటికి పోయి తలుపేసుకుంటివి. మేం తలుపు కొట్టి అడుక్కోవాల్నా?"

"దుబాయ్‌ల ప్లేటు ఒక్కసారే పోతదమ్మా. మారు అడిగేటోడు ఉండడు, ఏసేటోడు ఉండడు."

"నీ చెల్లె పెండ్లిల జనం చేతులడ్డం పెడుతుంటే బగార అన్నం కుమ్మరించినవ్" అంది రజియా. "ఈడికొచ్చి దొరవైనవ్."

ఆయన ఎవరివైపూ చూడకుండా లోపలికి పోయాడు. కోపమొచ్చిందేమో, బుధవారం దాకా కూడా ఆగడేమో అని నాకు భయమేసింది. కాసేపటికి తలుపును భుజంతో నెట్టుకుంటూ, రెండు చేతులతో పెనం పట్టుకుని వచ్చాడు. నా ప్లేటులో ఒక చేప ముక్క వేశాడు. అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టి చాలన్నాను.

"చెయ్యి తియ్యి బిడ్డా" అన్నాడు. ఇంకోటి వేశాడు.

తర్వాత పెద్దమ్మ దగ్గరికి. "కొంచెమెయ్యి, కొంచెమెయ్యి" అంటూనే ఆమె ప్లేటును ముందుకు జరిపింది. రొట్టె తియ్యగా ఉందని అప్పుడు చెప్పగలిగాను. ఆయన తలూపాడు. సూపు సంగతి మాత్రం నేను చెప్పలేదు.

మూడున్నర బస్సుకు తిరిగొచ్చాను. ఆ సూపు అలాగే ఉండాలో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆలివ్ నచ్చిందో లేదో కూడా తేల్చుకోలేదు. పుస్తకాల్లోని పదాలకు రుచులు తెలుసుకుందామని పోయి, రెండు కొత్త సందేహాలతో వచ్చాను. కానీ వంతెన మీద కృష్ణను చూస్తున్నప్పుడు కడుపు నిండుగా ఉంది, దాంట్లో సందేహం లేదు. గురువారం ఉండబట్టలేక ఎస్టీడీ బూత్ నుంచి హోటల్‌కు ఫోన్ చేశాను. రజియా ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు. "ఆయనా? పెనం పట్టుకోని బల్లల నడుమ తిరుగుతుండు. ఫోనెత్తుమంటే వినడు. నిన్న సేఠ్ ఫోన్ గూడ ఎత్తలే."

మీరూ వెళితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: కడుపు నిండేదాకా ఫోర్కూ కత్తీ పక్కపక్కన పెట్టకండి.