దుంగలో ఎవరో ఉన్నారు

హర్కమాన్ దాజుకి ఒక్కటే అలవాటు. ఎక్కడ కర్ర కనిపించినా వేలితో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని, లోపల ఎవరైనా ఉన్నారేమోనని వినేవాడు. తలుపు, బల్ల, మంచంకోడు, వాగుమీది వంతెన పలక, గోడవారన పేర్చిన వంటచెరకు, ఏదైనా సరే. విన్నాక తీర్పు చెప్పేవాడు. ఆయన దగ్గర తీర్పులు రెండే. "ఉన్నాడు." లేకపోతే, "ఎవరూ లేరు."

ఉన్నాడంటే పురుగు ఉన్నట్టు. కర్రలో పుట్టి, కర్రనే తిని, చీకట్లో ఏళ్ల తరబడి ఒక్కటే పెరిగి, ఒకనాడు గుండ్రంగా కన్నం చేసుకుని, ఒంటికంటే పొడుగాటి మీసాలతో బయటికొచ్చే పురుగు. గోడలకు చెవులుంటాయని సామెత. మా కొండ ఊరు లాబ్దాంలో గోడలకు ఉన్నది హర్కమాన్ దాజు చెవి ఒక్కటే.

కొత్తగా కాపురం పెట్టినవాళ్ల తలుపుకి చెవి ఆనించి ఒకసారి చీపురుదెబ్బ తిన్నాడు. తిన్నా కూడా తీర్పు చెప్పకుండా కదల్లేదు. "ఎవరూ లేరు" అన్నాడు. "మేమిద్దరం కనిపించడం లేదా?" అంది ఆ పిల్ల, చీపురు మళ్లీ ఎత్తుతూ.

మా బడి హెడ్మాస్టరు ప్రధాన్ సారుకి ఇంకా ఘనంగా జరిగింది. దాజు ఏదో పనిమీద ఆయన గదికి వచ్చి, రెండు చేతులూ జోడించి, ఆయన ముందు వంగాడు. కాళ్లకు దణ్ణం పెడుతున్నాడనుకుని సారు దీవించడానికి చెయ్యెత్తారు. దాజు ఇంకా వంగి కుర్చీకాలు తట్టి విన్నాడు.

"ఉన్నాడు" అన్నాడు.

"ఎవడు?"

"మీ కింద, సార్. వెనక ఎడంకాల్లో. రెండు వానాకాలాలకు మించి ఆగదు."

సారు నవ్వేశారు. రెండో వానాకాలంలో, బహుమతుల పంపకం నాడు, సరిగ్గా క్రమశిక్షణ గురించి మాట్లాడుతూ కూర్చోబోయి కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. అప్పటినుంచి కొత్త సామాను ఏది వచ్చినా ముందు దాజు చెవి పడాల్సిందే.

ముప్ఫై ఏళ్లు కలప డిపోలో దుంగలు తట్టి, ఏది గట్టిది, ఏది బోలుదని చెప్పడమే ఆయన ఉద్యోగం. ఉద్యోగం అయిపోయింది కానీ తట్టడం అయిపోలేదు. పెళ్లి చేసుకోలేదు. ఊరి చివర యాలకుల తోట దాటాక ఒంటరి ఇల్లు. అందులో పురుగుల పెట్టెలు నలభై, మనిషి ఒక్కడు.

నేను బడిలో డ్రాయింగు టీచర్ని. నాకూ ఎవరూ లేరు. బడి వెనక క్వార్టర్లో ఉంటాను. మంచు దిగిన ఆదివారాల్లో కిటికీలోంచి చూస్తే ఎదురుగా కొండ కూడా ఉండదు. అలాంటి ఒక ఆదివారం దాజు వచ్చి, ముందు నా తలుపు విని, తర్వాత నన్ను పలకరించాడు. ఊరికి ఆయన దాజు, అంటే అన్న; ఆయనకి నేను బైనీ, అంటే చెల్లి.

"బైనీ, బడిగోడ మీద ఏనుగు బొమ్మ నువ్వేసిందేనా?"

"నేనే, దాజు."

"బాగుంది. ఏనుగుని ఎవరైనా వేస్తారు. మీసం వెయ్యగలవా?"

అగ్గిపెట్టెలోంచి ఒక పురుగు తీశాడు. నల్లగా, రెక్కలమీద మూడు పసుపు పట్టీలతో, మీసాల్లో ఏడో కణుపు మాత్రం తెల్లగా ఉంది. ఇలాంటిది ఇంతవరకు ఏ పుస్తకంలోనూ లేదన్నాడు. దానికి లోకంలో ఇంకా పేరే లేదట. పేరు పెట్టాలంటే దాని బొమ్మలు వెయ్యాలి, కొలతలు రాయాలి, ఇంతకుముందు పేరున్న ప్రతి చుట్టంతోనూ పోల్చి ఇది వాళ్లెవరూ కాదని రుజువు చెయ్యాలి. అలా రాసి పంపితే కలకత్తా మ్యూజియం పెద్దాయన అచ్చు వేయిస్తాడు.

ఆ మీసం నాచేత పదకొండుసార్లు వేయించాడు. ప్రతిసారీ భూతద్దం పెట్టి చూసి, "మూడో కణుపుమీద ఒక వెంట్రుక తగ్గింది, బైనీ" అనేవాడు. నేను పెళ్లిచూపులకు కూర్చున్న రోజుల్లో కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

అయితే మ్యూజియం పెద్దాయన ఒక మెలిక పెట్టాడు. మగపురుగు ఒక్కటే ఉంటే చాలదు, ఆడపురుగు కూడా దొరికితేనే అచ్చు. ఆ ఆడపురుగు ఉంటే గింటే సుక్‌మతీ బొజు వంటింట్లో ఉండాలి. మగది బయటపడింది ఆవిడ వంటింటి దుంగలోంచే.

ఊరందరూ బొజు, అంటే అవ్వ, అని పిలిచే సుక్‌మతికి ఎనభై ఏళ్లు. కొండవాలు మీద ఒక్కతే ఉంటుంది, ఒక మేకతో. నోరు పచ్చిమిరపకాయ. ఎవరైనా జాలిపడి వస్తే సహించదు. "చూసి పోదామని వచ్చాం, బొజు" అంటే, "చూశారుగా, పొండి" అని తలుపు వేసేస్తుంది. చర్చివాళ్లు దుప్పటి తెచ్చిస్తే మర్నాడు అది మేక ఒంటిమీద కనిపించింది. అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి మా దాజు ఆరేళ్ల కిందట బేరం ఆడాడు. ఊళ్లో ఆ బేరం ఇప్పటికీ నాటకంలా వేసి చూపిస్తారు.

"దిదీ, ఈ కటూస్ చెట్టు దుంగని పొయ్యిలో పెట్టకండి."

"చలికాలం నిన్ను పెట్టుకోనా?"

"బదులుగా నేను రోజూ ఒక మోపు ఎండుకట్టెలు తెస్తాను."

"ఎన్నాళ్లు తెస్తావు?"

"ఆవిడ బయటికొచ్చేదాకా. లోపల ఉంది. ఎండుకర్రలో ఎదుగుదల నిదానం, ఎన్నేళ్లయినా పట్టొచ్చు."

"నా వంటింట్లో నాకు తెలీకుండా ఆవిడెవరు? సరే, రోజూ నువ్వే వచ్చి చూసుకుపో. నీ పురుగుకి కాపలా కాయడానికి నేనేం చౌకీదార్ని కాను."

అలా మొదలైంది. రోజూ పొద్దున్నే దాజు వీపున కట్టెల బుట్టతో వాలు ఎక్కడం, దుంగని తట్టడం, వినడం, "ఉన్నాడు, ఇంకా బయటికి రావడం లేదు" అనడం. బొజు విసుక్కుంటూ రెండు గ్లాసులు కడిగి ఉప్పుటీ పోయడం. గంటసేపు ఇద్దరూ దుంగకి అటొకరు ఇటొకరు కూర్చోవడం. ఊళ్లో వేళాకోళం చెయ్యనివాడు లేడు. "పురుగు కోసమే వెళ్తున్నావా, దాజు?" అనేవారు. దాజు చాలా గంభీరంగా, "పురుగు కోసమే" అనేవాడు.

ఒక సాయంత్రం బొమ్మలిద్దామని ఆయన వెనకాలే వెళ్లాను. నేనున్నట్టు ఆయన చూడలేదు. తన ఇంటి తాళం తీసేముందు తలుపు రెండుసార్లు తట్టి, చెవి ఆనించాడు.

"ఎవరూ లేరు" అన్నాడు తనలో తాను.

ఊళ్లో ఆ మాటకి వందసార్లు నవ్వినదాన్ని, ఆ రోజు నవ్వలేకపోయాను. నేను బడికెళ్లేటప్పుడు రేడియో ఆపకుండా వెళ్తాను, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడుతుండాలని. ఒకరి పిచ్చి ఒకరికి తెలుస్తుంది.

ఈ వర్షాకాలంలో మ్యూజియం పెద్దాయన ఉత్తరం రాశాడు. సరిహద్దు అవతల ఒకాయనకి ఇదే రకం మగపురుగు దొరికిందట. వానలు ఆగగానే ఆడదానికోసం అడవిలోకి దిగుతాడట. ఎవరిది ముందు అచ్చయితే పేరు వాళ్లదే. మీకు ఆడది దొరికి ఉంటే దశైన్ పండుగలోపు పంపండి, లేకపోతే ఆశ వదులుకోండి అని రాశాడు.

దాజు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "ఆవిడ ఇంకా రాలేదుగా" అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఒక్క పురుగుకైనా తన చేతుల్తో పేరు పెట్టాలని కలగన్న మనిషి, అంత తేలిగ్గా అనేసరికి నాకు ఒళ్లు మండింది.

దశైన్ ఇంకా పది రోజులుంది. వెనకకాలి బొమ్మ సరిచూద్దామని ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన కట్టెలకి వెళ్లాడు. తాళంచెవి నా దగ్గరా ఒకటి ఉంటుంది. మగపురుగు కోసం వెతుకుతూ అడుగున ఉన్న పెట్టె తెరిచాను. దూదికింద ఇంకొక పురుగు ఉంది. అవే మూడు పట్టీలు, అదే తెల్ల కణుపు. కాస్త లావు, మీసాలు పొట్టి. కింద చీమతలకాయంత అక్షరాల చీటీ: సుక్‌మతి వంటిల్లు, కటూస్ దుంగ. తేదీ చూశాను. సరిగ్గా మూడేళ్ల కిందటిది.

దాజు రాగానే పెట్టె ముందు పెట్టాను.

"దాజు, ఈవిడెవరు?"

"చుట్టపుచూపుగా వచ్చింది" అన్నాడు.

"మూడేళ్లుగానా?"

బుట్ట దించి గడపమీద కూలబడ్డాడు. "అచ్చయిందనుకో. ప్రధాన్ సారు బళ్లో చదివి వినిపిస్తాడు. ఊరంతా వెళ్లి దిదీకి చెబుతుంది. మర్నాడు నేను ఏం చెప్పి ఆ గుమ్మం ఎక్కాలి? మిమ్మల్ని చూద్దామని వచ్చానంటే ఖుక్రీ కత్తి తీస్తుంది. పోయిన మంచుకి ఆరు రోజులు దారి మూసుకుపోయింది, గుర్తుందా? నేను పాక్కుంటూ వెళ్తే పొయ్యి ఆరిపోయి ఉంది. పురుగు కోసమంటే తలుపు తీసింది. మనిషి కోసమంటే తియ్యదు, బైనీ."

"మీ పురుగుకి ఇంకెవడో పేరు పెట్టుకుంటాడు."

"పెట్టుకోనీ. పేరు లేకపోతే దానికి నిద్రపట్టదా ఏం?" అన్నాడు. అన్నాడే కానీ ఆ పెట్టెని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది.

మర్నాడు బడి అవగానే బొజు ఇంటికి ఎక్కాను. ఏదో సర్ది చెబుదామని వెళ్లాను. ఏం చెప్పాలో దారిలో తేలలేదు.

"చూసి పోదామని వచ్చావా?" అంది గుమ్మంలోనే.

"కాదు బొజు, దుంగని చూద్దామని."

పక్కకి జరిగింది. దుంగ వంటింట్లో సగం ఆక్రమించుకుని దున్నపోతులా పడుకుని ఉంది. నేను మొదలుపెట్టాను. "బొజు, ఒకవేళ ఈ దుంగలో నిజంగా ఎవరూ లేకపోతే..."

"లేరని నాకు తెలీదా, పిల్లా?"

బొజు పొయ్యి ముందు పీట లాక్కుని కూర్చుంది.

"మూడేళ్ల కిందట అది వచ్చింది నా కళ్లముందే. పిండి జల్లెడ బోర్లించి పట్టాను. పొద్దున్న భాయి దగ్గు దారిలో వినపడగానే జల్లెడ తీసి దాన్ని దుంగమీద పెట్టాను. తనే పట్టుకున్నానని మురుస్తాడని, నేను మేక దగ్గరికి పోయినట్టు నటించాను. చూశాడు. పట్టాడు. జేబులో వేసుకున్నాడు. నేను లోపలికొస్తే, 'ఇంకా రాలేదు, దిదీ' అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? జేబులోంచి అది కీచుకీచుమంటోంది. అది వినపడకూడదని వాడు దగ్గుతున్నాడు. నాకు నవ్వొస్తే నేనూ దగ్గాను. మేక కూడా మమ్మల్ని వింతగా చూసింది." బొజు పొయ్యి ఎగదోసింది. "పాపం, ఎందుకన్నాడో అర్థమైంది. ఎక్కడికి పోతాడు? ఆ ఇంట్లో పురుగులు కూడా చచ్చినవే. రోజుకో గంట కూర్చోవడానికి ఒక చోటు కావాలి. మగాడు, నోరు తెరిచి అడగలేడు. అందుకని వాడికోసం ఈ దిక్కుమాలిన దుంగకి మూడేళ్లుగా తట్టుకుని పడుతున్నాను. చూడు, కాలి వేళ్లు."

ఉత్తరం సంగతీ, గడపమీద కూలబడి దాజు అన్న మాటలూ చెప్పాను. దశైన్‌కి ఇక తొమ్మిది రోజులే ఉందనీ చెప్పాను. బొజు ముఖం మారిపోయింది.

"నాకోసం ఆపుకున్నాడా? బుద్ధి లేదూ వాడికి?" అంది. నేను వచ్చేస్తుంటే గొడ్డలి ఎక్కడుందో వెతుకుతోంది.

తిన్నగా దాజు ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే ఆ కీచు..."

"వినపడిందట."

"నా దగ్గు?"

"అదీ వినపడిందట."

మెల్లగా లేచి, నన్ను గౌరవంగా బయటికి పంపి, లోపల గడియ వేసుకున్నాడు. మర్నాడు కట్టెలకి వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. నేను పిలిస్తే పలకలేదు. మూడోరోజు పొద్దున్న మళ్లీ వెళ్లి గుమ్మంలో నిలబడి ఉన్నాను. మంచులోంచి ముందు మేక, దాని వెనక చేతికర్ర పట్టుకుని బొజు దిగి వచ్చారు. ఆవిడ ఆ వాలు దిగి నాలుగేళ్లయింది.

నన్ను పక్కకి తప్పించి, తలుపు రెండుసార్లు తట్టింది. చెవి ఆనించి కళ్లు మూసుకుంది.

"ఉన్నాడు" అంది నాతో.

మళ్లీ తలుపు వైపు తిరిగింది.

"భాయి, ఆ కాగితాలు ఈ పిల్లకిచ్చెయ్."

చాలాసేపటికి తలుపు కిందనుంచి ఒక కాగితం జారి వచ్చింది. తర్వాత ఇంకోటి. ఒక్కొక్కటే పద్నాలుగు వచ్చాయి, వెనకాలే నా బొమ్మలు. మొదటి కాగితంలో పేరు కోసం ఆరేళ్లుగా వదిలిపెట్టిన ఖాళీ నిండి ఉంది. సిరా ఇంకా తడిగానే ఉంది.

"ఏం పేరు పెట్టాడు?" అంది బొజు.

"మీదే, బొజు. చివర చిన్న లాటిను తోక తగిలించారు."

"మీసాలున్న పురుగుకి నా పేరా?" అంది తలుపుతో.

"ఆడదానికి మీసాలు పొట్టివే, దిదీ" అంది తలుపు.

బొజు నవ్వు ఆపుకోడానికి దగ్గింది. "సరే విను. ఆ పాత దుంగని చీల్చేశాను. కొత్తది ఒకటి వంటింట్లోకి చేర్చాలి. మా మేకదొడ్డి వెనక పడి ఉంది, లోపల ఎవరో ఉన్నట్టుంది. నా చెవులు సరిగ్గా పనిచెయ్యవు. వచ్చి నువ్వే చూసుకో."

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

ఆ రోజే కాగితాలతో పాటు ఆడపురుగునీ పోస్టులో పంపి, బడికి సెలవు పెట్టి, ఆ దుంగని వంటింట్లోకి దొర్లించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. పచ్చిది, గట్టిది, ఒక్క కన్నం కూడా లేదు. దాజు దాన్ని రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"ఉన్నాడు" అన్నాడు. "చాలా ఏళ్లు పట్టేలా ఉంది, దిదీ."

"నేనూ ఒకసారి విననా?" అన్నాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బొజు విసుక్కుంటూ లేచి, గూట్లోంచి మూడో గ్లాసు దించి కడిగింది.