చిల్లుపడని చెత్త సంచి

జీపు వెనక స్పేర్ టైరుకు తగిలించే చెత్త సంచి కోసం నేను పడినన్ని తిప్పలు మా ఇంట్లో పెళ్ళి సంబంధం కోసం కూడా ఎవరూ పడలేదు. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ సంచి నాకు సరదా వస్తువు కాదు. అది గట్టిగా ఉంటేనే మా పెద్దనాయన గడప తొక్కడానికి నాకు వీలుండేది.

అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు. హత్నూర దగ్గరి మా ఊళ్ళో పెద్దనాయన, పెద్దమ్మ నన్ను పెంచారు. వాళ్ళకు పిల్లలు లేరు. ఇప్పుడు నేను ఉండేది కిష్టారెడ్డిపేటలో, అపార్ట్‌మెంటులో. ఉద్యోగం పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో. గోళీల స్ట్రిప్పులకు సీలు సరిగ్గా పడిందా, ఎక్కడైనా గాలి పోతోందా, తేమ చేరుతోందా అని చూడటం నా పని. దేన్ని చూసినా పిసికి, లాగి, నీళ్ళలో ముంచే రోగం నాకు అక్కడే అంటుకుందని మా ఆవిడ అంటుంది. ఆమె మాట నిజమే.

జీపు నాకున్న ఒకే ఒక్క పిచ్చి. మా అపార్ట్‌మెంటులో కొందరు, ఫ్యాక్టరీలో కొందరు అలాంటి బండ్లే కొన్నారు. వారమంతా ముత్తంగి దగ్గర ట్రాఫిక్‌లో హారన్ కొట్టీ కొట్టీ, ఆదివారం వచ్చేసరికి రోడ్డే లేని చోటికి పోయి బురదలో కూరుకుపోవడం మా సరదా. అందరికీ నచ్చిన చోటు మా ఊరి వాగు. రాళ్ళు, ఎగుడుదిగుడు గట్లు, సర్కారు తుమ్మ. అక్కడికి పోయే బాట మా పెద్దనాయన పడావు భూమి మధ్యలోంచి పోతుంది. ఆ పడావులోనే ఆయన బర్రెలు మేస్తాయి.

మొదటి ఆదివారం మావాళ్ళు తిని, తాగి, ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. చదువుకున్నవాళ్ళు, నీళ్ళ సీసా మూత కూడా ఎత్తలేదు. మరుసటి వారం నేను పోయేసరికి పెద్దనాయన ఒక బిర్యానీ కవరును కర్రకు గుచ్చి పట్టుకొచ్చి నా బానెట్ మీద పెట్టాడు.

"ఇది నీదేనా?"

"మావాళ్ళది, పెద్దనాయినా."

"తిన్నది, తాగింది మీ బండ్లనే పోవాలె. నా బర్లు మేసే జాగల ఇంకోపారి ఒక్క కవరు కనబడ్తె ఇగ నీ బండి ఈ బాటల రాదు. నువ్వు గూడ రావద్దు."

ఆయన మాట అంటే మాటే. పొలం గెట్టు దగ్గర ఏదో గొడవై సొంత చెల్లెలితో మాట మానేసిన మనిషి. ఆమె చనిపోతే వెళ్ళి దూరంగా నిలబడి వచ్చాడు తప్ప, బావతో పలకలేదు. అందుకే ఆ మాటను నేను ఉత్త బెదిరింపు అనుకోలేదు. సంచి వేట అప్పుడు మొదలైంది.

సంచి బండి లోపల ఎందుకు పెట్టుకోలేదని అడగవచ్చు. ఎండలో బిర్యానీ మిగులు, కోడి బొక్కలు, పెరుగు గిన్నెలు లోపల పెట్టుకుని పటాన్‌చెరు దాకా వచ్చి చూడండి, తెలుస్తుంది. బయటే ఉండాలి. బయటంటే వెనక తలుపు మీదున్న స్పేర్ టైరుకే.

మొదటిది ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫోటోలో కొండ ముందు నిలబెట్టిన జీపు, దానికి ఠీవిగా వేలాడుతున్న సంచి. వచ్చినదాన్ని లాగి చూస్తే కుట్టు మధ్యలోంచి వెలుతురు కనిపించింది. అయినా తగిలించాను. సర్కారు తుమ్మ ముల్లు ఒక్కటి గీరగానే నిలువునా చీరింది. దారి పొడవునా పడిన పేపర్ ప్లేట్లను వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి ఏరుకొచ్చాను. మా బృందంలో ఒకడు బండి దిగకుండానే "సర్, మీరు టూ మచ్ టెన్షన్ తీసుకుంటారు" అన్నాడు. ఒళ్ళు మండింది. పెద్దనాయన నీకేమవుతాడురా అని అడగాలనిపించి ఊరుకున్నాను.

రెండోది బాలానగర్‌లో కొన్న రెగ్జిన్ సంచి. చూడటానికి బలంగానే ఉంది. దాని పొడవు సంగతి నేను పట్టించుకోలేదు. అడుగు భాగం సైలెన్సర్‌కు ఆనుకుని, వాగు దాటేలోపే కాలిన వాసన మొదలైంది. పైగా అది బ్రేక్ లైటును సగం కప్పేసింది. దాన్ని అక్కడే విప్పి పక్క సీట్లో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇక కొనడం మానేసి కుట్టించాను. ఇస్నాపూర్ రోడ్డు పక్కన లారీలకు టార్పాలిన్ కుట్టే ఆయన ఉన్నాడు. నేను చెప్పినదంతా విని మిషను ఆపేశాడు.

"ఏంది సాబ్, కచరాకు గింత మజ్బూత్ సంచా? దీంట్ల పిల్లల్ని మోస్కపోవచ్చు."

"చెత్తకే. కుట్టు."

"అడుగున రింగు పెడ్త. వాన నీళ్ళు పోతయి."

"వద్దు. వాన నీళ్ళు పోయే తొవ్వల కూర షోర్వా గూడ పోతది."

ఆయన నన్నొక వింత జంతువును చూసినట్టు చూశాడు. అయినా కుట్టాడు. లారీ మీద కప్పే మందపాటి టార్పాలిన్ రెండు పొరలు. ప్లాస్టిక్ క్లిప్పులు ఎండకు పెళుసెక్కుతాయని ఇనుప బకిల్స్. టైరు చుట్టూ బిగించడానికి లారీ బెల్టు. పైన ముందుకు వాలే మూత. అడుగు సైలెన్సర్‌కు జానెడు ఎత్తులో. ఇంటికి తెచ్చి నీళ్ళు నింపి బాల్కనీ కడ్డీకి వేలాడదీశాను. తెల్లారి చూస్తే కింద చుక్క తడి లేదు. ఆ ఉదయం నేను పడిన సంతోషం చెప్పుకుంటే సిగ్గు. మా ఆవిడకు చూపించాను కూడా.

తర్వాత ఆదివారాలు బాగా గడిచాయి. వాగు దగ్గర అందరూ తిన్నాక నేనే తిరిగి, కూర్చున్నవాళ్ళ ముందునుంచి కూడా ఎత్తి సంచిలో వేసేవాణ్ణి. చెత్తబండివాడని వాళ్ళు నాకు పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను. తిరుగు దారిలో వాళ్ళు నేరుగా వెళ్ళిపోయేవాళ్ళు, నేను పెద్దనాయన ఇంటి ముందు బండి ఆపి, స్నానం చేసి, పెద్దమ్మ చేతి జొన్నరొట్టె తిని, కాసేపు నడుం వాల్చి బయల్దేరేవాణ్ణి. పెద్దనాయన కర్ర పట్టుకుని పడావంతా చూసివచ్చి ఏమీ అనకుండా కూర్చునేవాడు. ఆయన ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

ఒక్క సంగతి నేను గమనించి కూడా ఆలోచించలేదు. ఇంటికొచ్చి సంచిని మా అపార్ట్‌మెంటు డబ్బాలో దులిపితే సీసాలు, ప్లేట్లు, కాగితాలు పడేవి. అన్నం మాత్రం ఉండేది కాదు. సగం తిని వదిలేసిన బిర్యానీ పొట్లాలు నేనే నా చేతులతో వేశాను, మరి ఏమయ్యాయి? సీళ్ళు చూసి బతికే మనిషిని, నాకు ఆ ప్రశ్నే రాలేదు.

వానలు మొదలయ్యే ముందు పెద్దనాయన ఫోను చేశాడు. పెద్ద బర్రె మేత ముట్టడం లేదు, నెమరు వేయడం లేదు. అది చూలుతో ఉంది. నేను ఫ్యాక్టరీలో చెప్పి బయల్దేరి, దారిలో పశువుల డాక్టరును ఎక్కించుకుని వెళ్ళాను. కొట్టంలో బర్రె ఎడమ డొక్క డోలులా ఉబ్బి పడుకుని ఉంది. డాక్టరు చెయ్యి పెట్టి చూసి, కొయ్యాల్సిందే అన్నాడు. కోశాడు. భుజం దాకా చెయ్యి పెట్టి ఒక్కొక్కటే బయటికి లాగాడు. ముద్దకట్టిన కవర్లు. కొన్ని చీలికలై ఉన్నాయి. కొన్ని మూతి దగ్గర ముడివేసినవి వేసినట్టే ఉన్నాయి. ఒకదాని మీద బిర్యానీ హోటల్ బొమ్మ ఇంకా చెరిగిపోలేదు.

సాయంత్రానికి బర్రె పోయింది, కడుపులోని దూడతో సహా.

ఇరుగుపొరుగు చేరారు. పెద్దనాయన నా జీపు దగ్గరికి నడిచి సంచిని చేత్తో తడిమి, అడుగు తిప్పి చూశాడు.

"నా సంచిలకెల్లి పడలేదు పెద్దనాయినా" అన్నాను. "నీళ్ళు పోసి చూసిన. ఒక్క చిల్లు లేదు."

"మరి ముడేసిన కవర్లు యాడికెల్లి వచ్చినయి?"

అదే నేనూ ఆలోచిస్తున్నాను. మావాళ్ళెవరూ ముడివేయరు, వాళ్ళకంత ఓపిక లేదు. అప్పుడు పెద్దమ్మ వైపు చూశాను. కొట్టం గుంజ పట్టుకుని నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా వైపు చూడకుండా ఇంటి వెనక్కి నడిచింది. చేతులు కడుక్కునే వంకతో నేనూ వెనకే వెళ్ళాను.

"నువ్వే తీసినవా పెద్దమ్మా?"

"అన్నం బిడ్డా" అంది. "మూతులు తుడ్సిన కాయితాలు, ఉమ్మిన సీసలు, వాటిల్ల అన్నం. సూస్తె పాణం ఒప్పలే. నువ్వు తానం చేస్తాంటె తీసేదాన్ని."

"కుడితిల పొయ్యకపోయినవా?"

"బొక్కలన్నం కుడితిల ఎట్ల పోస్త? బర్రెకు ఎవలన్న పెడ్తరా గది? మీ పెద్దనాయిన చూసొచ్చినంక పడావుల కుక్కలకు పెట్టివచ్చేదాన్ని."

"కవరు ఎందుకు ముడేసినవ్?"

"ఈగలు ముసుర్తయని."

మా ఇళ్ళలో అన్నాన్ని చెత్తలో కలపరు. మాంసం తగిలిన అన్నాన్ని కుడితిలో కలపరు. రెండు పద్ధతులూ ఆమె తప్పకుండా పాటించింది. బర్రెకు బొక్కలన్నం పెట్టకూడదనే జాగ్రత్తతోనే తీసుకెళ్ళి, బర్రె మేసే చోట పెట్టింది. ఉప్పూ నూనె వాసనకు బర్రె కవరుతో సహా మింగింది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. అరవాలనిపించింది. ఈలోపే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఆయినకు చెప్పకు" అంది.

ఇంటి ముందుకు వచ్చేసరికి పెద్దనాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అందరూ ఉన్నారు.

"చెప్పు. ఎవలు పడేసిన్రు?"

"మేమే" అన్నాను.

"సంచిల చిల్లు లేదంటివి గదా ఇప్పుడే."

"అబద్ధం చెప్పిన."

నిజానికి నేను అబద్ధమాడింది అప్పుడే. సీలు మీద సంతకం పెట్టే మనిషిని, నా జీవితంలో నేను చేయించిన ఒకే ఒక్క పనికొచ్చే వస్తువుకు చిల్లుందని పదిమందిలో ఒప్పుకున్నాను. పెద్దనాయన తిట్టలేదు. లేచి లోపలికి వెళ్ళి నా తువ్వాలు, నా సబ్బుపెట్టె తెచ్చి జీపు సీట్లో పెట్టాడు. నాకంటూ ఆ ఇంట్లో మిగిలినవి ఆ రెండే.

కొన్నాళ్ళు పోతే పెద్దమ్మే చెప్తుంది అనుకున్నాను. ముసలాయన కోపం చల్లారాక, ఏదో ఒక పొద్దున రొట్టె పెడుతూ, వాడి తప్పేం లేదయ్యా అని ఒక్క మాట అంటుంది. ఆ ఒక్క మాట మీదే ఆశ పెట్టుకుని ఫోను పక్కన పెట్టుకుని తిరిగాను. మా బృందం వాళ్ళు నర్సాపూర్ వైపు కొత్త చోటు వెతుక్కున్నారు. నేను వెళ్ళడం లేదు. బర్రె సంగతి చెప్తే వాళ్ళలో ఒకడు "సో సాడ్ సర్" అన్నాడు. ఆ రోజునుంచి అతనితో లిఫ్టులో కూడా మాట్లాడటం లేదు, నాకూ పెద్దనాయన పోలికే వచ్చిందేమో. సంచి ఇప్పటికీ టైరు మీదే ఉంది. రంగు వెలిసింది గాని కుట్టు ఒక్కటి వదల్లేదు. దాన్ని చూస్తే తన్నాలనిపిస్తుంది.

పోయిన నెల పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. పటాన్‌చెరులో కళ్ళ డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చానంది. చింతచిగురు మూట తెచ్చింది. మా ఆవిడ చాయ్ తేవడానికి లోపలికి వెళ్ళగానే నేను అడిగాను.

"పెద్దనాయిన ఏమంటున్నడు?"

"నీ పేరు ఎత్తడు. గానీ ఆదివారం అయితె బాట దిక్కు చూస్తడు."

నా ప్రాణం లేచివచ్చింది. "అయితే వచ్చే ఆదివారం వస్త పెద్దమ్మా. కాళ్ళ మీద పడ్త. నువ్వు పరేషాన్ కాకు, నేనేం చెప్పను."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నువ్వు చెప్పవు, నాకెరుకే. నిన్ను జూస్తె నేనే చెప్పేస్తనేమోనని భయం బిడ్డా. చెప్తె ఇగ ఆయిన నాతోని మాట్లాడడు. ఆ ఇంట్ల ఇద్దరమే ఉన్నం. నీకైతె పెండ్లం ఉంది, ఉద్యోగం ఉంది, ఈ ఇల్లుంది. నువ్వు రాకు."

చాయ్ వచ్చింది. ఆమె సగం తాగి లేచింది. మందుల చీటీ ఎక్కడ, కళ్ళ డాక్టరు ఏమన్నాడు అని మా ఆవిడ అడిగితే, ఇంకోసారి చూపించుకుంటానంది. సరే రాను అని నేను చెప్పాను. ఆమెను ఆటో ఎక్కిస్తున్నప్పుడు అర్థమైంది, ఆమె కళ్ళ కోసం రాలేదని, రాను అనే ఆ మాట నాతో అనిపించడానికే రెండు ఆటోలు మారి వచ్చిందని.