రుక్కమ్మక్క సంగటీ, నేనమ్మిన ఇండక్షన్ పొయ్యీ

అది 2021. కరోనా రెండో విడత సద్దుమణిగి, తమిళనాడులోని మా ధర్మపురి బజారు మళ్లీ తలుపులు తెరిచిన రోజులు. బస్టాండు వెనక సందులో మాది పొయ్యిల దుకాణం. మా నాయన అక్కడే పంపు స్టవ్వులు బాగుచేసేవాడు. కిరసనాయిలు వాసన ఆయన చొక్కాకే కాదు, మా ఇంటి దుప్పట్లకు కూడా ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే, ఆయన పక్కన కూర్చుని పిన్నుతో బర్నరు పొడుస్తున్నట్టే ఉంటుంది. నా కాలానికి గ్యాసు పొయ్యిలు, ఆ తర్వాత ఇండక్షన్లు వచ్చాయి. పొయ్యి గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. నా పొగరు దించింది మా దుకాణానికి పాత గిరాకీ అయిన రుక్కమ్మక్క.

మొదట ఆమె కోడలు సుమతి వచ్చింది. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. అప్పటిదాకా గ్యాసు మీద కుక్కరు పెట్టి, అడుగున ఉప్పు పోసి, విజిల్ తీసేసి అందులోనే కాల్చేది. మంట కిందినుంచే కాబట్టి అడుగు మాడేది, పైన తెల్లగా మిగిలేది. ఆమెకు ఓటీజీ చూపించాను. కరెంటుతో నడిచే చిన్న ఓవెన్ అది. పైనా కిందా కడ్డీలు కాలి, రెండువైపులా ఒకే తీరుగా వేడి తగులుతుంది. కేకుకైతే కరెంటే మేలని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతాను. పెట్టె కట్టిస్తుండగా ఆమె అసలు సంగతి చెప్పింది.

"కరోనా వచ్చిపోయినప్పటినుంచి అత్తకు వాసన తెలీదన్నా. మొన్న పాలు పొంగి మంట ఆరిపోయినాది. గ్యాసు వస్తానే ఉండాది, ఆమె పక్కనే కూర్చోని అవరెకాయలు ఒలస్తా ఉండాది. నేను మిద్దె దిగి రాకుంటే ఏమయ్యేదో."

ఆ ఇంటికి గ్యాసు పొయ్యి బిగించింది నేనే. అప్పటికి అక్కకు పెళ్లయిన కొత్త. వంటింటి గడప దాటకుండా నిలబడి, "నువ్వే అంటించు తమ్ముడా, నాకు భయం" అంది. ఆ రోజే ఆ పొయ్యి మీద తొలి రాగిసంగటి చేసి, ఉండకు గుంట చేసి, అందులో చెనక్కాయల చట్నీ వేసి నాకు పెట్టింది. ఇన్నేళ్లు ఎన్నో ఇళ్లలో తిన్నాను కానీ, ఆ రుచి మళ్లీ దొరకలేదు.

"గ్యాసు తీసేద్దాం" అన్నాను, ఇంకో ఆలోచన లేకుండా. మరుసటి రోజే ఇండక్షన్ పెట్టి, దానికి సరిపడే చదును అడుగు గిన్నె ఇచ్చి, పాత పొయ్యిని నా చేతులతోనే మోసుకొచ్చాను. అక్క పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఒప్పుకుందనుకున్నాను.

పది రోజులకు సుమతి ఫోను చేసింది. "అత్త వంటింట్లోకే రావడం లేదన్నా." మొరప్పూరు నుంచి అక్క సొంత తమ్ముడు వచ్చాడట. అతనొస్తే సంగటి తప్ప ఇంకోటి వండరు. ఆ రోజు సంగటి పచ్చిగా దిగింది. అతను రెండు ముద్దలు మింగి, మజ్జిగ తాగి, "ఆకలి లేదక్కా" అని లేచాడు. సంగటి పచ్చిగా దిగిందంటే ఆ ఇల్లాలి వంట చేయి పడిపోయిందంటారు మావాళ్లు. ఆ మాట ఎవరూ అనకముందే రుక్కమ్మక్క తనకు తానే అనేసుకుంది.

నేను వెళ్లేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏమక్కా, పొయ్యి బాగలేదా?"

"నీ పలక బాగానే ఉండాది. నేనే బాగలేను. ముక్కు పోయినాది, ఇప్పుడు చేయీ పోయినాది. ఇంక సుమతి పెట్టింది తిని మూల కూర్చుంటా."

"నా ముందర ఒకసారి చెయ్యి. తప్పు పొయ్యిదైతే ఎత్తుకొని పోతా."

చాలాసేపు బతిమాలితే లేచింది. నూకలు ఉడికించి, రాగిపిండి కుప్పగా పోసి, మధ్యలో కట్టెతో గుంట చేసి మూత పెట్టింది. తర్వాత గిన్నెను నేలకు దించి, పాదాలతో అదిమిపట్టి, రెండు చేతులతో గెలికింది. ఈ ప్రాంతంలో సంగటి గెలికేది అట్లాగే. ఉండ లేకుండా గెలికి, మళ్లీ పొయ్యి మీద పెట్టి మూత వేసి, మగ్గడానికి వదిలింది. గిన్నె ఎత్తేస్తే ఇండక్షన్ కాసేపు కూసి ఆరిపోతుంది. ఆమె గెలికే జోరులో ఆ కూత వినలేదు. చల్లటి పలక మీద గిన్నె పెట్టి, మగ్గుతోందనుకుని ఎదురుచూస్తోంది.

"ఆరిపోయినాదక్కా, చూసుకోలేదా?"

"ఏం చూసేది? కాలేటప్పుడూ నల్లగానే ఉండాది, ఆరిపోయినా నల్లగానే ఉండాది. ముందర వాసన చూసి దించేదాన్ని. వాసన పోయినాక మంట ఎంతసేపు కాలిందో చూసి దించేదాన్ని."

నాకు సిగ్గేసింది. వాసన పోయిన మనిషికి మిగిలింది కంటికి కనబడే మంట ఒక్కటే, దాన్నీ నేనే ఎత్తుకుపోయాను. ఏం వండుతావు, ఎలా వండుతావు అని ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు.

వారంలోగా ఫ్లేమ్ ఫెయిల్యూర్ డివైస్ ఉన్న గ్యాసు పొయ్యి తెచ్చి బిగించాను. బర్నరు పక్కన ఒక చిన్న కడ్డీ ఉంటుంది. మంట ఆరి అది చల్లబడితే గ్యాసు తనంతట తానే ఆగిపోతుంది. గ్యాసు లీకైతే మోగే అలారం కూడా గోడకు పెట్టాను. ఇండక్షన్‌ను పాలకూ వేణ్నీళ్లకూ ఉంచుకోమన్నాను. వంట కాగానే రెగ్యులేటరు మూసేయమనీ, పొద్దున వెలిగించేముందు సుమతి వచ్చి వాసన చూడాలనీ చెప్పాను.

"అన్ని మెషిన్లు ఎందుకప్పా? నా కోడలి ముక్కు చాలు" అని నవ్వింది అక్క. ఆమె నవ్వడం చూసి ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు ఎవరైనా దుకాణానికి వచ్చి గ్యాసు మంచిదా, కరెంటు మంచిదా అంటే, ముందు "ఏం వండుతారు? ఉడికిందని ఎట్లా తెలుసుకుంటారు?" అని అడుగుతాను. మా నాయన కూడా స్టవ్వు విప్పకముందు ఇంట్లో వాళ్లతోనే మాట్లాడేవాడు. ఆయన ఊరికే కాలక్షేపం చేస్తున్నాడనుకునేవాణ్ణి.

మొన్న ఒక పొద్దున అలారం సరిచూడడానికి అక్క ఇంటికి వెళ్లాను. సుమతి సిలిండరు దగ్గర వంగి, "గ్యాసు వాసన లేదత్తా, వెలిగించు" అంది. సంగటి దిగాక అక్క మూత తీసి గిన్నెను కోడలి ముందుకు జరిపింది.

"ఇప్పుడు దీని వాసన చెప్పు."

"తొలి వాన పడిన మన్ను మాదిరి ఉండాదత్తా."

అక్క కళ్లు మూసుకుని, గిన్నె మీదికి వంగి, గట్టిగా ఊపిరి పీల్చింది. "అవును, అట్లనే ఉండేది" అంది.