మైపాడు ఇసుక మీద నెత్తళ్లు

సెలవులకు రమ్మని పిలిచే ఉత్తరాల్లో వాసన ఉండదు. అరవయ్యో దశకం మొదట్లో, నెల్లూరులో బడిపంతులుగా ఉన్నప్పుడు, మద్రాసులో పెద్ద కంపెనీలో పనిచేసే కాలేజీ స్నేహితుడికి నేనూ అలాంటి ఉత్తరమే రాశాను. పెన్న సముద్రంలో కలిసే సీమ, ఇందుకూరుపేట దారిలో నాట్లు పడుతున్న మళ్లు, ఆపైన మైపాడు ఇసుక. మీ మద్రాసు సముద్రం దీని ముందు ఏపాటి అని కూడా రాశాను.

దసరా సెలవుల్లో అతను భార్యతో వచ్చాడు. టాక్సీ దిగగానే ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఇసుక మీద బారుగా నెత్తళ్లు ఎండబోసి ఉన్నాయి.

"నువ్వు రాసిన తీరం ఇదేనా?" అని అతను నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

చేపల దగ్గర ఒకావిడ కాకుల్ని తోలుతోంది. మా అమ్మ ఈడు ఉంటుంది.

"ఏం మే, ఇదంతా ఎత్తెయ్. పెద్దాఫీసరు వచ్చినారు" అన్నాను.

"ఎత్తమంటే ఎట్టయ్యా? ఇంకా పచ్చిగానే ఉండాయి. రేపో మాపో వాన పట్టుకునేట్టుంది. మీరే ఆ పక్కకి పోయి కూసోరాదా? సముద్రం ఆడ కూడా ఉండాదిలే!"

స్నేహితుడి భార్య కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"ఈడ చేపలు ఎండెయ్యకూడదని ఆర్డరు రాబోతా ఉంది. నోరు మూసుకోని తియ్."

ఆర్డరూ లేదు, అతను ఆఫీసరూ కాదు. ఆమె ముఖం పాలిపోయింది. చేపల్ని గంపలకెత్తి, గుడిసె వెనక తాటాకులు కప్పి పెట్టింది. సగం ఎండిన నెత్తళ్లను కుప్పపోస్తే కుళ్లిపోతాయని నాకు తెలుసు. మా భోజనాలు, ఫోటోలు అయ్యేసరికి పొద్దు వాలింది. మర్నాటి నుంచి నాలుగు రోజులు ముసురు.

వారం దాటాక అతని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్లావిడ అక్కడి ఎండు నెత్తళ్లు కాసిని పంపమందట. సిగ్గులేకుండా సంచి పట్టుకుని బస్సెక్కాను.

మైపాడులో ఎండ కాస్తోంది. ఇసుక మీద ఒక్క చేప లేదు. నా ఉత్తరంలో ఉన్నంత శుభ్రంగా ఉంది.

ఆనాటి చేపలావిడ గుడిసె వెనక గొయ్యి తవ్వుతోంది. గంపల్లో నల్లటి ముద్ద, దాని మీద లుకలుకలాడే పురుగులు. ఆ కంపుకు అక్కడే కక్కుకున్నాను. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

"పుక్కిలించయ్యా. నిన్నే పారబోద్దామనుకున్నా, చేతులు రాలా." గొంతు తగ్గించి అడిగింది. "ఆ ఆఫీసరయ్య ఆర్డరు ఇచ్చేసినాడా? రెండు దినాలుగా వలకి పడిన చేపలు గంపల్లో అట్టనే ఉండాయి. మా పేటలో ఎవరం ఇసక మీద పొయ్యలా. ఎండేసుకోవచ్చా, వద్దా?"

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. "ఎండేసుకోండి. నేను ఆయనతో మాట్లాడినాలే" అన్నాను.

"మేయ్, ఎండేసుకోవచ్చంట! అయ్య మాట్లాడినాడంట!" అని ఆమె కేకపెట్టింది.

గుడిసెల్లోంచి ఆడవాళ్లు గంపలతో బయటికొచ్చారు. ఒక్కొక్కరే గంప దించి, నాకు దణ్ణం పెట్టి, ఇసుక వైపు వెళ్లారు. చివరి మనిషి దాటేదాకా అక్కడే నిలబడి, అందరి దణ్ణాలకూ తల ఊపాను.