ఇశ్రాయేలుకు వినిపించే గరగర

బహదూర్‌పురాలో ఇశ్రాయేలుకు వినిపించినంత గరగర మరెవరికీ వినిపించేది కాదు. రేడియో ఎక్కడ మోగినా తల పక్కకు వంచి, పంటినొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టేవాడు.

"భాయ్, నీ రేడియోల గరగర ఉన్నది," అన్నాడొకసారి హోటల్లో.

"రేడియో బంద్ ఉంది సాబ్. చాయ్ మరుగుతున్నది."

తప్పు అతనిది కాదు, ఉద్యోగానిది. అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. అతను పనిచేసే సర్కారీ ప్రయోగశాలలో వైర్‌లెస్ సంకేతాల్లోంచి గరగర తీసేసే పని నడుస్తోంది. రోజూ అన్నం ముందు కూర్చుని భార్య రాహేలుకు పాఠం చెప్పేవాడు.

"వేడికి తీగల కరెంటు కుదురుగ ఉండదు. గదే గరగర. మేం ఫిల్టర్‌ను ద్రవ నైట్రోజన్‌తోని మస్తు సల్లగ చేస్తం. ఇగ కరెంటుకు అడ్డమే ఉండదు. ఆడికెల్లి మాటను వెలుగు చేసి గాజుపోగుల పంపుతం. బయటి లొల్లి దానికి అంటుకోదు."

"అన్నం గూడ మస్తు సల్లగైంది. తిను ముందుగాల," అనేది రాహేలు.

ఒకనాడు ఢిల్లీ నుంచి పెద్ద అధికారి వచ్చి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. గరగర లేదు. అసలు ఏమీ లేదు. "అద్భుతం! సంపూర్ణ నిశ్శబ్దం!" అన్నాడు. చప్పట్లు మోగాయి, సమోసాలు వచ్చాయి. ఏరియల్ తీగ తగిలించనే లేదన్న సంగతి ఆయన కారు గేటు దాటాక గానీ ఇశ్రాయేలుకు గుర్తు రాలేదు.

అయినా బుద్ధి మారలేదు. గరగర తీస్తానని ఇరుగుపొరుగు రేడియోలన్నీ విప్పేవాడు. పాల వ్యాపారి రామ్‌చందర్ ఇంటికైతే రోజూ సాయంత్రం తయారు. పరువు పోతోందని రాహేలు ఒకరోజు అతన్ని లాక్కురావడానికి వెళ్లింది.

అరుగు మీద రేడియోలో వార్తలు గంట కొట్టినట్టు స్పష్టంగా వినిపిస్తున్నాయి. ముసలి రామ్‌చందర్ మాత్రం బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. ఏడాదిగా ఆయన చెవి మందగించింది. ఆ మాట ఎవరన్నా అంటే కర్ర ఎత్తేవాడు.

"ఒక్క ముక్క తెలుస్తలేదు ఇశ్రాయేలూ!"

"ఎట్ల తెలుస్తది బాపు? అంత గరగరనే. నాకే తెలుస్తలేదు. మా ఫిల్టర్ బజార్లకొచ్చేదాంక నేనే చెప్త, ఇను." ఇశ్రాయేలు ఆయన చెవి దగ్గర వంగి, ఒక్కొక్క వార్తనూ గొంతు చించుకుని అరిచాడు.

రామ్‌చందర్ మొహం వెలిగింది. రాహేలును చూసి, "నీకు వినబడ్తున్నదా బిడ్డా?" అన్నాడు.

రాహేలు మొగుడి వంక చూసింది. కొంగు నడుముకు దోపి, ఆయన రెండో చెవి పక్కన కూర్చుంది.

"యాడిది బాపు! వట్టి గరగర!" అని అరిచింది.

ఆ సాయంత్రం నుంచి ఆ వీధిలో వార్తలకు ఇంకెవరూ రేడియో పెట్టలేదు. అవసరం పడలేదు.